జెర్స్ పల్లె దారుల్లో మూడు రోజులు సైకిల్ మీద: తెల్ల రోడ్లు, పొద్దుతిరుగుడు తోటలు, శ్మశానం కుళాయి

తులూజ్_కుర్రాడు | జూలై 15, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఉంటున్నాను, సొంతూరు కనిగిరి దగ్గర పల్లె. జూలై 14 ఇక్కడ జాతీయ సెలవు. ఈసారి సోమవారం పడింది కాబట్టి శని, ఆది, సోమ మూడు రోజులూ సైకిల్ మీద పక్కనున్న జెర్స్ జిల్లా తిరిగొచ్చాను. సుమారు 240 కిలోమీటర్లు.

శనివారం పొద్దున్నే జెర్స్ జిల్లా కేంద్రం ఓష్ వెళ్లే లోకల్ రైలెక్కి లిల్ జుర్దాన్‌లో దిగాను. అక్కడి నుంచి కొలోన్య్, సోలోమియాక్, మోవెజాన్, ఫ్లొరాన్స్ మీదుగా సాయంత్రానికి లెక్తూర్. రెండో రోజు లా రొమ్యూ, లారెసాంగ్ల్, ఫూర్సెస్ చూసుకుని, జిల్లా దాటి లబస్తీద్ దార్మాన్యాక్. మూడో రోజు ఓష్ చేరి మళ్లీ రైలు.

ముందుగా నేల తీరు చెప్పాలి. అది తెలియకే మొదటి రోజు నా కాళ్లు పట్టేశాయి. దక్షిణాన పిరినీస్ కొండల పాదాల దగ్గర లాన్‌మెజాన్ పీఠభూమి ఉంది. అక్కడి నుంచి నదులు విసనకర్ర పుల్లల్లా విచ్చుకుని ఉత్తరానికి పారతాయి. తూర్పు నుంచి వరసగా సావ్, జిమోన్, అరాట్స్, జెర్స్, బాయిజ్. రెండేసి నదుల మధ్య ఒక్కో గట్టు. నేను వెళ్లింది పడమరకి కాబట్టి ప్రతి నదికీ దిగడం, ప్రతి గట్టూ ఎక్కడం. ఒక్కో ఎక్కుడు వంద మీటర్లు, అటూ ఇటుగా. పెద్దదేం కాదనిపిస్తుంది గానీ సాయంత్రానికి అన్నీ కలిసి బాగా తెలుస్తాయి. అదే ఉత్తర దక్షిణాలుగా వెళ్తే నది పక్కనే చదునుగా పోవచ్చు, లేదా గట్టు మీదకి ఒక్కసారి ఎక్కి పైపైనే పోవచ్చు. వచ్చేసారి అలాగే వెళ్తాను.

దారులన్నీ మిషెలాన్ కాగితం పటం మీద తెల్ల గీతలుగా ఉండేవే పట్టుకున్నాను. ఆ పటంలో ఎర్రవి పెద్ద రోడ్లు, పసుపువి వాటి తర్వాతవి, తెల్లవి ఊరికీ ఊరికీ మధ్య సన్న దారులు. ఒక కారు వెడల్పు, రెండు పక్కలా గడ్డి, నడిమధ్యలో కూడా అక్కడక్కడ గడ్డి. కొలోన్య్ దాటాక గంటంబావు సేపట్లో నాకు ఎదురైనవి రెండు కార్లు, ఒక ట్రాక్టరు. ట్రాక్టరాయన పక్కకి ఆపి, నేను దాటేదాకా ఆగి, చెయ్యెత్తాడు.

పొద్దుతిరుగుడు ఇప్పుడు నిండు పూత మీద ఉంది. పొద్దున నేను పడమరకి పోతుంటే చేను మొత్తం నా వైపే ముఖం పెట్టి ఉంది. కిలోమీటర్ల పొడవునా అంతే. సాయంత్రం ఆగి వెనక్కి తిరిగి చూస్తే మాత్రం పూల వీపులే కనిపించాయి. అదెందుకో నాకు అర్థం కాలేదు.

ఫొటోలు తర్వాత పెడతాను. ప్రశ్నలుంటే అడగండి.

నంద్యాల_రైతుబిడ్డ | జూలై 15, రాత్రి 10:25

తమ్ముడూ, నీ పువ్వుల సంగతి నేను చెప్తా. మా నాయన ముప్పై ఏళ్లు వేసినాడు ఆ పంట. మొగ్గ లేతగా ఉన్నన్నాళ్లే పొద్దుతో పాటు తిరుగుతుంది. పువ్వు పూర్తిగా విచ్చుకున్నాక కాడ గట్టిపడి తూర్పుకే నిలబడిపోతుంది. పొద్దున్నే ఎండ తగిలి పువ్వు వేడెక్కితే తేనెటీగలు ఎక్కువ వస్తాయి. నువ్వు తూర్పు నుంచి వస్తున్నావు కాబట్టే చేనంతా నీ ముఖం చూసింది. సాయంత్రం తిరిగి చూస్తే వీపులు కనపడక ఏం కనపడతాయి!

గింజ ముదిరినాక తల వాలిపోయి నల్లబడుతుంది. ఆ రంగు చూసి పంట పోయిందనుకుంటారు తెలియనోళ్లు. కోతకొచ్చిన చేను అది. దాన్ని కూడా ఒకసారి చూడు.

బ్రెవే_భాస్కర్ | జూలై 16, ఉదయం 6:10

అన్నా, మంచిగ రాసినవ్. హైదరాబాద్ నుంచి నేను. 2023ల పారిస్–బ్రెస్ట్–పారిస్ చేసిన. తెలియనోళ్ల కోసం చెప్తున్న: 1891ల మొదలైన రైడ్ ఇది. ఇప్పుడు నాలుగేండ్లకొకసారి, 1200 కిలోమీటర్ల పైన, 90 గంటలల్ల ముగించాలె. పోవాల్నంటే ఆ ఏడాదే 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు (గడువు లోపల ముగించాల్సిన దూరపు రైడ్లు) నాలుగూ ముగించి ఉండాలె. 2023ల రాంబూయే నుంచి బయలెల్లినం. దారంతా నువ్వు చెప్పినట్ల పల్లెలే, నార్మండీ, బ్రిటనీ.

వికారాబాద్ గుట్టల మీద ఎంత ప్రాక్టీస్ చేసినా నాకు తెలియనిది ఒక్కటే, అక్కడి రాత్రి. ఆగస్టు నెలల తెల్లారుజామున చేతివేళ్లు బ్రేకు మీద వంగకపాయె. అప్పుడొక ఊర్ల ఇంటి ముంగట బల్ల వేసి, దీపం పెట్టి, ఒక తల్లీకొడుకూ కాఫీ పోస్తున్నరు. ఎవరైనా సరే, ఏ దేశమోడైనా సరే. పైసలు ఇయ్యబోతే వద్దన్నరు. ఇంటికి పోయినంక మీ ఊరి బొమ్మ ఉన్న కార్డు ఒక్కటి పంపమన్నరు. ఆ దారిలో కొన్ని ఇండ్లల్ల ఇది ఏండ్ల సంది ఉన్న అలవాటేనట. చార్మినార్ కార్డు పంపిన. విల్లేన్ ల జుహెల్ అనే ఊర్ల అయితే ఊరంతా బయటికొచ్చి నిలబడ్డది, పిల్లలు మన ప్లేట్లు మోసుకుంట వచ్చి కూర్చోబెట్టిన్రు.

గందుకే నాకొక మాట అడగాలని ఉంది. నీ జెర్స్‌ల గంటకు రెండు కార్లే అంటున్నవు. మనుషులేరీ?

తులూజ్_కుర్రాడు | జూలై 16, రాత్రి 8:15

నంద్యాల అన్నా, ధన్యవాదాలు. నాలుగేళ్ల నుంచి ఆ చేల పక్కన తిరుగుతున్నాను, ఒక్కరూ ఈ మాట చెప్పలేదు.

భాస్కర్ అన్నా, మీరడిగిన ప్రశ్నే నన్ను రెండో రోజంతా తిప్పింది. ఆ నిశ్శబ్దం నాకు మొదటి రోజు హాయిగా ఉంది. రెండో రోజు పొద్దున ఒక చిన్న ఊరి మధ్య నీళ్లు తాగుతూ ఆగాను. చర్చి, పంచాయతీ ఆఫీసు (ఇక్కడ మేరీ అంటారు), రెండూ తాళాలే. ఎదురుగా రాతి స్తంభం. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ఆ ఊరి కుర్రాళ్ల పేర్లు దాని మీద. ఇప్పుడా ఊళ్లో మొత్తం ఇళ్లు నలభై ఉండవు. రాయి మీద పేర్లు లెక్కపెడితే 19. వరసగా ఒకే ఇంటిపేరుతో మూడు ఉన్నాయి. అన్నదమ్ములై ఉంటారు.

జెర్స్ జిల్లాలో 19వ శతాబ్దం నడుమ 3 లక్షల మందికి పైగా ఉండేవాళ్లు. ఇప్పుడు 2 లక్షల లోపే. పిల్లలు తక్కువ పుట్టారు, పట్నాలకి వలస పోయారు, యుద్ధం కొంతమందిని తీసుకుపోయింది, తర్వాత ట్రాక్టరు వచ్చి చేతులతో పని తగ్గించింది. మనుషులు తగ్గారు గానీ వాళ్లు వేసుకున్న దారులు అలాగే ఉన్నాయి. ఈ దేశంలో మొత్తం రోడ్లు సుమారు 11 లక్షల కిలోమీటర్లయితే, అందులో దాదాపు 7 లక్షలు కమ్యూన్ల (మన పంచాయతీల లాంటివి) చేతిలో ఉన్న చిన్న దారులే. ఒకప్పుడు ఎడ్లబండ్లు, బడికెళ్లే పిల్లలు, సంత జనం తిరిగిన దారులు. నలభై ఇళ్ల ఊరు కూడా తన దారికి తారు వేయించుకుంటోంది. నేను సుఖంగా తొక్కింది దాని మీదే.

మా ఊళ్లో మా వీధిలో పదకొండు ఇళ్లుంటే ఇప్పుడు ఏడింటికి తాళాలు. అందరం బెంగళూరు, హైదరాబాద్, అమెరికా, ఇక్కడ నేను. అందుకేనేమో ఆ స్తంభం దగ్గర నుంచి కదలడానికి చాలాసేపు పట్టింది.

లియాన్_లలిత | జూలై 16, రాత్రి 10:50

నేను ఈ దేశం వచ్చి పద్నాలుగేళ్లు. లియాన్ పక్కన బోజొలే కొండల్లో ఆదివారాలు తొక్కుతాను. తమ్ముడు రాసింది నిజం. ఊళ్లో బడి మూతపడినప్పుడు ఒక దెబ్బ, బేకరీ మూతపడినప్పుడు ఇంకో దెబ్బ అంటారు ఇక్కడి పెద్దవాళ్లు. కానీ భాస్కర్ గారూ, మనుషులు లేరని కాదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా అందరూ భోజనం దగ్గర ఉంటారు, ఎండాకాలం కిటికీ చెక్కలు మూసుకుని ఉంటారు. సాయంత్రం ఆరు దాటాక అదే ఊళ్లోకి వెళ్లండి, చెట్ల కింద పెతాంక్ ఆటలో ఇనప గుండ్లు విసురుతూ కనిపిస్తారు. మీరు ముందు బోన్‌జూర్ అనాలి, అంతే. దుకాణంలోకి అడుగుపెట్టగానే ఆ మాట అనకుండా ఏమడిగినా ముఖం ముడుచుకుంటారు. అన్నాక మాత్రం దారి చూపించడానికి వీధి చివరిదాకా నడిచి వస్తారు.

కొత్తవాళ్లకి నియమాలు కొన్ని. వీటిని తేలిగ్గా తీసుకోవద్దు.

అన్నిటికన్నా ప్రమాదకరమైంది కుడివైపు నుంచి వచ్చేవాళ్లకి దారి ఇవ్వడం. పసుపు వజ్రం గుర్తున్న రోడ్డు మీద ఉంటే దారి మనది. ఆ గుర్తూ లేక, ఆగమనే గీతలూ బోర్డులూ ఏవీ లేని కూడలి అయితే, కుడి పక్క సందులోంచి వచ్చే బండికే ముందు దారి. అది ఎంత చిన్న సందైనా సరే. పల్లెల్లో ఆ సందులు గోడల మధ్య ఉంటాయి, బండి మీదకొచ్చేదాకా కనపడదు. దిగుడులో వేగంగా ఊళ్లోకి దూకకండి.

ఊరి బయట కారు మనల్ని దాటాలంటే ఒకటిన్నర మీటరు వదలాలి, ఊళ్లో ఒక మీటరు. చాలామంది పాటిస్తారు. వెనకే నెమ్మదిగా వస్తారు, హారన్ కొట్టరు. కాబట్టి అప్పుడప్పుడు వెనక్కి చూసుకుంటూ ఉండాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కడం నిషేధం. ఊరి బయట చీకట్లో, మంచులో మెరిసే జాకెట్ తప్పనిసరి. పన్నెండేళ్లలోపు పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి. పెద్దవాళ్లకి చట్టం లేకపోయినా పెట్టుకోండి, నా మాట వినండి.

విశాఖ_వీణ | జూలై 17, ఉదయం 7:30

చాలా బాగుందండీ. శీర్షికలో శ్మశానం కుళాయి అన్నారు, దాని గురించి ఒక్క ముక్కా రాయలేదు! ఇంకోటి, కుక్కలు వెంటపడతాయా? నేను బీచ్ రోడ్డులో పొద్దున్నే తొక్కుతాను, నా భయం అదొక్కటే.

తులూజ్_కుర్రాడు | జూలై 17, రాత్రి 9:05

వీణ గారూ, వీధి కుక్కలు లేవు. పొలాల దగ్గర ఇంటి కుక్కలుంటాయి, గేటు లోపలి నుంచి గట్టిగా అరుస్తాయి. మూడు రోజుల్లో ఒక్కటే రోడ్డెక్కింది, యజమాని పిలవగానే వెళ్లిపోయింది.

కుళాయి సంగతి. ఆదివారం మధ్యాహ్నం రెండు దాటింది. 34 డిగ్రీలు. రెండు సీసాలూ ఖాళీ. ఊళ్లో ఉన్న ఒక్క కాఫీ అంగడికీ తాళం. ఫ్రాన్స్‌లో ఆదివారం మధ్యాహ్నం పల్లెలో ఏమీ దొరకదు, ఇది బాగా గుర్తు పెట్టుకోండి. ఊరి చివర ఎత్తైన గోడ, లోపలి నుంచి రెండు సన్నటి సైప్రస్ చెట్లు కనిపించాయి. శ్మశానం. లోపల కుళాయి ఉంటుందని ఆఫీసులో ఒకాయన ఎప్పుడో చెప్పాడు. గేటు దాకా వెళ్లి ఆగిపోయాను. చిన్నప్పటి నుంచి విన్న మాటలు కాళ్లకి అడ్డం పడ్డాయి.

లోపల ఒక ముసలావిడ ఉంది. ఆకుపచ్చ డబ్బాతో పూలకి నీళ్లు పోస్తోంది. గోడకి అలాంటి డబ్బాలు వరసగా తగిలించి ఉన్నాయి, ఎవరైనా వాడుకోవచ్చు. నా సీసాలు చూసి, రా అని చెయ్యి ఊపింది. కుళాయి తానే తిప్పి, మొదట వచ్చిన వేడి నీళ్లు కాసేపు పోనిచ్చి, చల్లబడ్డాక నా సీసా పట్టుకుని నింపింది. రెండోది కూడా. ఈ నీళ్లు మంచివే, మా ఇంట్లోకి వచ్చేవీ ఇవే అంది. ఏ ఊరని అడిగింది. ఇండియా అంటే, ఇంత ఎండ మీకు అలవాటేగా అంది. వాళ్లాయన సమాధి అది. ఆయన కూడా సైకిల్ తొక్కేవాడట.

నేనా నీళ్లు అక్కడే నిలబడి తాగాను.

విశాఖ_వీణ | జూలై 17, రాత్రి 9:50

చదువుతుంటే గొంతు పట్టేసింది. అయినా నా వల్ల కాదండీ. మా నాయనమ్మ ఆ గుమ్మం దాటి వస్తే తలస్నానం చేయనిదే వంటింట్లోకి రానిచ్చేది కాదు. తాగడమంటే మనసు ఒప్పదు.

నంద్యాల_రైతుబిడ్డ | జూలై 17, రాత్రి 10:15

అమ్మా వీణా, నీ మాట తప్పు కాదు, నా మనసూ అంతే. కానీ దప్పికతో ఉన్నోడికి ఆ తల్లి నీళ్లు పట్టి ఇచ్చింది చూడు. మా ఊర్లో చలివేంద్రం పెట్టే వాళ్లు ఇంతకంటే ఏం చేస్తారు?

లియాన్_లలిత | జూలై 17, రాత్రి 10:40

వీణా, ఇష్టం లేకపోతే అక్కర్లేదు, వేరే దారులున్నాయి. ఊరి కూడళ్లలో కుళాయిలుంటాయి, ఇంటి ముందు ఎవరైనా కనిపిస్తే అడగొచ్చు. ఎక్కడైనా ‘నాన్ పోతాబ్ల్’ అన్న బోర్డు ఉంటే తాగకూడదు, అదొక్కటి చదవడం నేర్చుకోండి. శ్మశానాల్లోది చాలాచోట్ల ఊరి నీటి సరఫరాదే. చలికాలం గడ్డకట్టి గొట్టాలు పగలకుండా మూసేస్తారు, అప్పుడు దాన్ని నమ్ముకోవద్దు.

మ్యూనిక్_మధు | జూలై 19, మధ్యాహ్నం 1:20

అందరికీ నమస్తే. సెప్టెంబరు మూడో వారంలో నేనూ నాన్నగారూ వస్తున్నాం. ఆయనకి 61, రిటైరయ్యారు, గుడివాడలో రోజూ పాతిక కిలోమీటర్లు తొక్కుతారు. ఆయన పూర్తి శాకాహారి. సైకిళ్లు అక్కడే అద్దెకి తీసుకోవాలి. ఈ దారి ఆయనకి సరిపోతుందా? ఫోన్‌లో దారి చూసుకుంటే చాలదా, కాగితం పటం అవసరమా?

తులూజ్_కుర్రాడు | జూలై 19, రాత్రి 8:30

మధు గారూ, నాన్నగారిని తప్పకుండా తీసుకురండి. రోజుకి 45 కిలోమీటర్లు మించకుండా, నది వెంబడి ఉత్తరానికి పెట్టుకోండి. ఎక్కుళ్లకి తేలిగ్గా ఉండేలా ముందు చిన్న పళ్లచక్రానికి 34, వెనక పెద్దదానికి 32 పళ్లున్న సైకిల్ అడగండి, టైర్లు 30 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే మంచిది. అద్దెకి తీసుకున్నాక పావుగంట అక్కడే తొక్కి చూడండి. మొదటి ఏడాది నేనొక దుకాణంలో తీసుకున్న సైకిల్‌కి బ్రేకు రబ్బర్లు ఇనుము దాకా అరిగిపోయి ఉన్నాయి. ఆ సంగతి దిగుడు సగంలో తెలిసింది. గడ్డిలోకి తిప్పి ఆగాను.

ఇంకో సంగతి, ‘గ్రావియోన్’ అన్న బోర్డు. ఎండాకాలంలో సన్న దారుల మీద తారు చల్లి కంకర పరిచి వదిలేస్తారు, అది తిరిగే బండ్ల కిందే అణగాలి. కొత్తగా వేసినప్పుడు గోళీల మీద తొక్కినట్టే. రెండేళ్ల కింద నేను ఒక మలుపులో ముందు బ్రేకు పట్టి పడ్డాను. మోచేతిలోంచి రాళ్లు తీయడానికి నర్సుకి అరగంట పట్టింది. ఆ బోర్డు కనిపిస్తే మలుపుకి ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు ముట్టకుండా పొండి.

ఫోన్ చాలు గానీ, చాలా యాప్‌లు దగ్గరి దారి చూపిస్తాయి, అది పెద్ద రోడ్డు మీదకి తోస్తుంది. కాగితం పటం పరిస్తే ఏ ఊరికి ఎన్ని తెల్ల గీతలు ఉన్నాయో ఒక్క చూపులో తెలుస్తుంది. ఎక్కుడు గట్టిగా ఉన్నచోట బాణం గుర్తులుంటాయి. రాత్రి నాన్నగారితో కలిసి దాన్ని మంచం మీద పరుచుకుని చూడండి, ఆ సుఖం వేరు.

బ్రెవే_భాస్కర్ | జూలై 19, రాత్రి 9:15

పటం విషయంల నేను ఒప్పుకోను. వానల తడిస్తే కాగితం పోతది, రాత్రి కనపడది. నాకు 1200 కిలోమీటర్లు దారి చూపింది హ్యాండిల్ మీది జీపీఎస్సే. ఇంట్ల కూసోని పటం చూసి దారి గీసుకోండ్రి, దాన్ని జీపీఎస్‌ల ఎక్కించుకోండ్రి. రెండూ ఉంటయి.

లియాన్_లలిత | జూలై 19, రాత్రి 11:00

మధూ, సెప్టెంబరులో వేట మొదలవుతుంది. ఆదివారాలు అడవి పక్క దారుల్లో ‘షాస్ ఆన్ కూర్’ అన్న బోర్డు కనిపిస్తే వేట నడుస్తోందని. ఇద్దరూ నారింజ రంగు జాకెట్ వేసుకోండి, వీలైతే వేరే దారి పట్టండి.

తిండి దగ్గర జెర్స్ కష్టమే. అది బాతు దేశం. బంగాళాదుంపలు కూడా బాతు కొవ్వులో వేయిస్తారు. ‘మాంసం వద్దు’ అంటే చాలదు, పంది ముక్కలు చల్లి తెస్తారు, వాటిని మాంసం లెక్కలో వేయని వాళ్లున్నారు. ‘లార్దోన్ (పంది ముక్కలు) వద్దు, జాంబోన్ (పంది తొడ మాంసం) వద్దు, బాతు కొవ్వు వద్దు’ అని పేరుపేరునా చెప్పాలి. నాన్నగారు గుడ్డు కూడా తినకపోతే వంటగది ఉన్న గది తీసుకోండి. కుక్కర్, కందిపప్పు, ఊరగాయ తెచ్చుకోండి. శనివారమే ఆది, సోమ రెండు రోజులకీ సరిపడా కొనుక్కోండి, చాలా దుకాణాలకి సోమవారం కూడా సెలవు.

గాస్కన్ పాస్తిస్ అని ఆపిల్ పెట్టిన తీపి ఒకటి ఉంటుంది. పిండిని బల్ల నిండా పరిచి, అవతలి చెయ్యి కనపడేంత పల్చగా లాగుతారు. పైపొరలు కొరికితే ఆత్రేయపురం పూతరేకు గుర్తొస్తుంది. ఆర్మాన్యాక్ సారా చుక్క వేస్తారు, అది వద్దనుకుంటే ముందే అడగండి.

తులూజ్_కుర్రాడు | జూలై 20, ఉదయం 8:10

అక్క చెప్పిన సోమవారం సంగతి నాకు అనుభవమే. మూడో రోజు పొద్దున ఒక్క దుకాణం తెరవలేదు. ఒక ఊళ్లో మూతపడ్డ బేకరీ గోడకి రొట్టెల యంత్రం ఉంది. నాణేలు వేస్తే పొడుగు రొట్టె ఒకటి జారింది, ఇంకా వెచ్చగా. సగం అక్కడే తిన్నాను, సగం చొక్కా వెనక జేబులో.

ఒకటి మరిచాను. లబస్తీద్ దార్మాన్యాక్ పక్కన సైకిల్ వాళ్ల మాత గుడి ఉంది. జోసెఫ్ మాసీ అనే ఫాదరు పాత చిన్న చర్చిని 1959లో సైకిల్ వాళ్లకి అంకితం చేయించారు. లోపల గోడలనిండా, పైకప్పు దాకా ఛాంపియన్ల జెర్సీలు వేలాడుతుంటాయి. 1973 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచిన లూయిస్ ఒకాన్యా పెళ్లి అక్కడే జరిగింది. పాత ఉన్ని జెర్సీల మీద చెమట మరకలు ఇప్పటికీ కనిపిస్తాయి. బయట గడ్డిలో సైకిల్ పడుకోబెట్టి లోపలికి వెళ్తే చల్లగా ఉంది. నాన్నగారికి చూపించండి.

గాలి సంగతి కూడా. ఆగ్నేయం నుంచి ఓతాన్ అనే గాలి మొదలైతే రోజుల తరబడి ఆగదు. మూడు, ఆరు, తొమ్మిది రోజుల లెక్కన వీస్తుందని ఇక్కడి వాళ్ల మాట. అది వీచే రోజు తులూజ్ వైపు తొక్కకండి, రైలెక్కండి.

మ్యూనిక్_మధు | సెప్టెంబరు 24, రాత్రి 10:05

వెళ్లొచ్చాం. ఐదు రోజులు, 190 కిలోమీటర్లు. జెర్స్ నది వెంబడి ఓష్ నుంచి లెక్తూర్, అక్కడి నుంచి లా రొమ్యూ. అన్నీ మీరు చెప్పినట్టే చేశాం. పటం, జీపీఎస్ రెండూ పట్టుకెళ్లాం, పటం మొత్తం నాన్నే చూశారు.

రైతుబిడ్డ గారూ, చేలు మీరన్నట్టే నల్లగా తలలు వాల్చి ఉన్నాయి. నాన్న ఒకచోట దిగి, రోడ్డు మీద రాలి పడి ఉన్న తలని తీసి, బొటనవేలితో గింజలు రాల్చి చూశారు. కోత మిషన్ నడిపే ఆయన చూసి బండి ఆపి దిగొచ్చాడు. కోప్పడతాడేమో అనుకున్నాను. నాన్నకి ఫ్రెంచి రాదు, ఆయనకి ఇంగ్లీషు రాదు. ఇద్దరూ అరచేతిలో గింజలు పోసుకుని, ఒకటి కొరికి, తేమ ఇంకా ఉందని తలలూపుకున్నారు. పావుగంట నేను పక్కన నిలబడి చూస్తూనే ఉన్నాను. వచ్చేటప్పుడు ఆయన గుప్పెడు గింజలు నాన్న జేబులో పోశాడు.

వీణ గారూ, నాన్న కూడా శ్మశానం కుళాయి దగ్గర మీలాగే ఆగిపోయారు. తాగలేదు. కానీ గోడకున్న డబ్బా తీసి నింపి, ఎండిపోతున్న ఒక పూలకుండీకి పోసి వచ్చారు.

వీణ గారి కోసం లెక్తూర్‌లో ఊరి కుళాయిలు ఎక్కడెక్కడున్నాయో పటం మీద పెన్నుతో గుర్తు పెట్టాను. ఫొటో తీసి రేపు ఇక్కడే పెడతాను.